బెజవాడలో రెండు రోజులు: ఏం చూడాలి, ఏ వేళకి చూడాలి

మీరు అడిగినది ఇదీ: ఫిబ్రవరి రెండో వారంలో విజయవాడలో పెళ్లి, హైదరాబాద్ నుంచి కారులో వస్తున్నారు, శుక్రవారం రాత్రితో పెళ్లి హడావుడి అయిపోతుంది, శని ఆదివారాలు ఖాళీ. వెంట మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, బడికెళ్లే పిల్లలు ఇద్దరు. నెట్‌లో వెతికితే పాతిక పేర్లు తేలాయి, వాటిలో నిజంగా చూడదగ్గవేవి, రెండు రోజుల్లో అన్నీ అవుతాయా అని.

అన్నీ అవ్వవండి. అవ్వాల్సిన పనీ లేదు. గవర్నర్‌పేటలో ట్రావెల్స్ నడుపుతూ మీలాంటి కుటుంబాలని చాలా ఏళ్లుగా తిప్పుతున్నాను. జాబితా పట్టుకుని దిగినవాళ్లు సాయంత్రానికి సొమ్మసిల్లి, ఏం చూశారో గుర్తులేకుండా వెళ్తారు. ఈ ఊళ్లో జాబితా కన్నా గడియారం ముఖ్యం. కొండలన్నీ రాతి కొండలు. ఫిబ్రవరి అయినా సరే, పదకొండు దాటితే రాయి కాలడం మొదలవుతుంది, మూడున్నర దాకా తగ్గదు. తెల్లవారుజామున కొండలు, మధ్యాహ్నం ఏసీ గది, సాయంత్రం నది. ఈ వరస తప్పకపోతే సగం చూసినా తృప్తిగా ఉంటుంది. అదే మే నెలలో వస్తామంటే రావద్దనే చెప్పేవాణ్ణి.

ముందు అమ్మవారి దర్శనం. ఇంద్రకీలాద్రి మీద శుక్రవారం, ఆదివారం రద్దీ ఎక్కువ. కాబట్టి శనివారం తెల్లవారుజామునే వెళ్లిపోండి. అమ్మగారి మోకాళ్ల గురించి బెంగ వద్దు. కెనాల్ రోడ్డు వైపు అర్జున వీధిలో మల్లికార్జున మహామండపం ఉంది, అందులో లిఫ్టులున్నాయి. ఒక్క మెట్టూ ఎక్కాల్సిన అవసరం లేదని మాత్రం అనను, కానీ కొండ ఎక్కే బాధ తప్పుతుంది. ఘాట్ రోడ్డు మీదుగా సొంత కారులో పైకి పోదామని పెట్టుకోకండి, రద్దీ ఉంటే కిందే ఆపేస్తారు. దేవస్థానం బస్సులు పైకి వెళ్తాయి. ఫోన్లు కారులో వదిలేయండి, కౌంటర్లో పెట్టడానికి ఒక లైను, తీసుకోవడానికి ఇంకో లైను ఎందుకు? మధ్యాహ్నం మహానివేదన వేళకి దర్శనం కాసేపు ఆపుతారు. పదకొండు గంటలకి తీరిగ్గా వచ్చిన వాళ్లు ఆ లైన్లోనే ఇరుక్కుంటారు.

దర్శనం అవగానే లడ్డూ కౌంటర్‌కి పరుగెత్తకుండా పక్కనున్న మల్లేశ్వరస్వామి ఆలయానికి కూడా వెళ్లండి. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసింది ఈ కొండ మీదేనని స్థలపురాణం. తెలుగు చదువుకున్నవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. పదో శతాబ్దంలో చాళుక్య యుద్ధమల్లుడు వేయించిన బెజవాడ శాసనం ఈ మల్లేశ్వరుడి కోవెలదే. నన్నయ కంటే ముందే మధ్యాక్కర అనే ఛందస్సులో తెలుగు పద్యం రాతి మీదికెక్కిన చోటు ఇది. పిల్లలకి తెలుగు వాచకం ఉంటే ఈ ముక్క చెప్పండి, రేపు పరీక్షలోనైనా పనికొస్తుంది.

కొండ తూర్పు పాదం దగ్గర అక్కన్న మాదన్న గుహలు కూడా జాబితాల్లో కనిపిస్తాయి. పేరు తానీషా మంత్రులది, పదిహేడో శతాబ్దం వాళ్లు. గుహలు మాత్రం వాళ్లకన్నా దాదాపు వెయ్యేళ్లు పాతవి. దారి మీద ఉన్నాయి కాబట్టి కారు ఆపి ఒక చూపు చూడొచ్చు, వాటికోసమని ప్రత్యేకంగా బయల్దేరక్కర్లేదు. మొగల్రాజపురం గుహలదీ అదే వరస. శిల్పకళ మీద ప్రాణం పెట్టేవాళ్లకి బాగుంటాయి, పిల్లలు ఐదు నిమిషాల్లో పోదాం పోదాం అంటారు.

కొండ దిగాక టిఫిన్. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్, 1942 నుంచి ఉంది. అక్కడ మెనూ మొత్తం చదవకండి, వెన్న ఇడ్లీ చెప్పండి. వేడి ఇడ్లీ మీద తెల్ల వెన్న ముద్ద పెడతారు, అది కరుగుతుండగానే కారప్పొడి అద్దుకుని తినాలి. ఫొటో కోసం ఆగితే వెన్న ప్లేటులోకి జారిపోతుంది. చోటు చిన్నది, పొద్దున పూట జనం నిలబడే తింటారు. అమ్మగారికి కుర్చీ కావాలంటే ఏడున్నరలోపు చేరండి. ఇంతకన్నా మంచి ఇడ్లీ గుంటూరులో ఉందని మా గుంటూరు బంధువులు వాదిస్తారు, ఆ వాదన పెళ్లిలో ఎత్తకండి.

అక్కడి నుంచి బందరు రోడ్డుకి. బాపు మ్యూజియం, మా చిన్నప్పుడు విక్టోరియా మ్యూజియం అనేవాళ్లం. రాణీగారి జూబ్లీ పేరుతో 1887లో పునాది వేసిన భవనం. చాలామంది రోజూ దాని ముందు నుంచే ఆఫీసులకి పోతారు, లోపలికి మాత్రం వెళ్లరు. పిల్లలున్న ఇంటికి ఈ ఊళ్లో ఇంతకన్నా మంచి చోటు నేను చూపించలేను. 1921లో మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలోనే సమావేశమైంది. పింగళి వెంకయ్య గారు తన జెండాని గాంధీజీ చేతికిచ్చింది అప్పుడే. ఎరుపు, ఆకుపచ్చ ఉన్న ఆ జెండాలో తెలుపు కూడా ఉండాలని గాంధీజీ అన్నారు. వెంకయ్య గారిది ఇక్కడికి దగ్గర్లోని భట్లపెనుమర్రు. లోపల అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడి విగ్రహం ఉంది, క్రీస్తు శకం మూడో, నాలుగో శతాబ్దం నాటిది. దాని ముందు కాసేపు ఊరికే నిలబడండి. మ్యూజియానికి వారంలో సెలవు రోజు ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి.

అదే రోడ్డు మీద స్వరాజ్య మైదానంలో అంబేడ్కర్ విగ్రహం, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, మొత్తం 206 అడుగులు. ఎండలో ఆ ఆవరణంతా తిరగడం కష్టం. దీపాలు వెలిగాక బాగుంటుంది, అందుకని రాత్రికి ఉంచుకోండి. ఒకప్పుడు ఆ మైదానంలో పుస్తకాల పండగ జరిగేది, సంక్రాంతి ముందు ఊరంతా అక్కడే ఉండేది. గాంధీ కొండ గురించి కూడా అడిగారు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం ఉంది, పైనుంచి రైల్వే స్టేషనూ ఊరూ బాగా కనిపిస్తాయి. అమ్మగారితో మాత్రం వద్దు.

ఇక మధ్యాహ్నం. భోంచేసి గదికి పోయి పడుకోండి. ఇది సరదాకి అనడం లేదు. మధ్యాహ్నం పూట కూడా తిప్పమని పట్టుబట్టిన పార్టీలు సాయంత్రం బ్యారేజీ దగ్గర కారు దిగము అంటారు. అసలు చూడాల్సినదేమో అదీ!

మూడున్నరకి భవానీపురం వైపు వెళ్లండి, పున్నమి ఘాట్ దగ్గర భవానీ ద్వీపానికి బోటు దొరుకుతుంది. కృష్ణ నడుమ నూట ముప్పై ఎకరాలకు పైనే ఉన్న లంక అది. నిజం చెప్పాలంటే లంక మీద చూడ్డానికి గొప్పగా ఏమీ లేదు, చెట్లూ ఆటవస్తువులూ అంతే. పిల్లల ఆనందమంతా బోటు ప్రయాణంలోనే ఉంటుంది. పెద్దలకి నీటి మీద నుంచి కొండా, గుడీ ఒక్కసారిగా కనపడతాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. టూరిజం వాళ్ల బోటు తప్ప వేరేది ఎక్కొద్దు, ఎవరైనా పక్కకి పిలిచి తక్కువకి తీసుకెళ్తామన్నా సరే. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం చూడబోయి అనుమతి లేని ప్రైవేటు బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు, చాలామంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లే. లైఫ్ జాకెట్ ఇస్తే చేత్తో పట్టుకోవడం కాదు, వేసుకోండి. వరద రోజుల్లో బోట్లు ఎలాగూ ఆపేస్తారు, ఫిబ్రవరిలో ఆ ఇబ్బంది ఉండదు.

ఆరు గంటలకల్లా ప్రకాశం బ్యారేజీ మీద ఉండాలి. మీ రెండు రోజుల్లో ఏదైనా ఒక్కటే చూస్తామంటే నేను ఇదే చూపిస్తాను. అమ్మగారిని కారులో సీతానగరం ఒడ్డుకి పంపించేయండి, మీరూ పిల్లలూ ఈ చివర నుంచి ఆ చివరికి నడవండి. పన్నెండు వందల మీటర్లకి కాస్త పైన, పిల్లల నడకతో అరగంట. పెద్ద వాహనాలని రానివ్వరు కానీ ఆటోలూ బైకులూ తెగ తిరుగుతుంటాయి, పిల్లల చెయ్యి వదలకండి.

నడిచేటప్పుడు రెండు వైపులా చూడండి. ఎడమ చేతి వైపు, అంటే సముద్రం వైపు, ఫిబ్రవరి నాటికి ఇసుక తేలి ఉంటుంది, మధ్యలో అక్కడక్కడా నీటి పాయలు. కుడి చేతి వైపు కట్ట అంచు దాకా నిండు నీళ్లు. ఒకే నది, మధ్యలో ఓ రోడ్డు వెడల్పే తేడా. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ రెండూ దగ్గరికి రావడం వల్ల కృష్ణ ఇక్కడ సన్నబడింది, అందుకే ఆనకట్టకి ఈ చోటు ఎంచుకున్నారు. కాటన్ దొర హయాంలో 1852లో మొదలుపెట్టి 1855కల్లా పాత ఆనకట్ట పూర్తిచేశారు. వందేళ్లు నిలబడి అది తెగాక ఇప్పటి బ్యారేజీ కట్టారు, 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. డెల్టాలో పదమూడు లక్షల ఎకరాలకి నీళ్లు వెళ్లేది ఇక్కడి నుంచే. మీరు నడక మొదలుపెట్టే చోటే, కొండ పక్కన కాలువ మొదలవుతుంది చూడండి. అదే ఊళ్లోకొచ్చి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువగా చీలుతుంది. బెజవాడలో ఎక్కడికెళ్లినా ఏదో ఒక కాలువ వంతెన దాటాల్సి వచ్చేది అందుకే.

నడుస్తూ గేట్లు కూడా గమనించండి. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అంతకుముందెన్నడూ అంత రాలేదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల మీద పడ్డాయి. అదే రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. ఇప్పుడు ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడే చోట ఆ నీళ్లెలా పారాయో వరద చూడనివాళ్లు ఊహించుకోలేరు.

చీకటి పడేసరికి సీతానగరం చేరి వెనక్కి తిరగండి. కొండ మీద గుడి దీపాలు, కింద బ్యారేజీ దీపాలు, వాటి వెలుగంతా నీళ్లలో. ఊళ్లో ఉన్నవాళ్లకి ఊరు అంత బాగా కనపడదు. ఫొటోలన్నీ ఈ ఒడ్డు నుంచి తీసుకోండి.

తిరుగు దారిలో వన్‌టౌన్ మీదుగా రండి. సాయంత్రం ఇక్కడ తినాల్సింది పునుగులు. పులిసిన పిండిని చేత్తో తీసుకుని బొటనవేలితో తోస్తూ నూనెలోకి వదులుతాడు, ఒక వాయికి నలభై యాభై పడతాయి, చెయ్యి ఆగదు. రంగు మారగానే జల్లిగరిటెతో తీసి కాగితంలో పోసి పక్కన అల్లం పచ్చడి వేస్తాడు. వేడి తగ్గితే రబ్బరే. బండి దగ్గరే నిలబడి తినాలి, పార్శిల్ కట్టించుకోవడం దండగ. ఫలానా బండి అని చెప్పను, జనం ఎక్కువున్న బండి దగ్గర ఆగండి, నూనె తొందరగా మారుతుంది.

ఆదివారం ఏటి అవతలి వైపు పెట్టుకోండి. పొద్దున తెరవగానే ఉండవల్లి గుహలు. కొండని తొలిచి కట్టిన నాలుగంతస్తులు, క్రీస్తు శకం నాలుగో, ఐదో శతాబ్దం నాటివని చెప్తారు. కింది అంతస్తులో స్తంభాలు మొరటుగా, సగం సగం చెక్కి వదిలేసినట్టుంటాయి. చాలామంది వాటిని దాటేసి పైకి పోతారు. ఒక్క నిమిషం ఆగి గోడ మీద ఉలి గాట్లు చూడండి, ఒక్కో అంగుళం ఎలా తొలిచారో అక్కడే తెలుస్తుంది. పైకెళ్తే శేషశయ్య మీద పడుకున్న అనంతపద్మనాభుడు, ఐదు మీటర్లకు పైగా, ఒకే రాయి. ఆ మసక చీకట్లో కళ్లు అలవాటు పడ్డాక పాదాల నుంచి తల దాకా నడుచుకుంటూ చూడాలి. ఒకచోట నిలబడితే మొత్తం కళ్లకి ఆనదు. బయట వరుసగా కూర్చుని పొలాల వైపు చూస్తున్న ఋషుల బొమ్మలు, పక్కన సింహం, పిల్లలకి అవి నచ్చుతాయి. మెట్లు ఎత్తుగా ఉంటాయి. అమ్మగారికి ముందున్న పచ్చిక దగ్గర చెట్టు కింద కుర్చీ వేయండి, ముఖభాగం మొత్తం అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది.

అక్కడి నుంచి మంగళగిరి. కొండ మీద పానకాల స్వామి దర్శనం మధ్యాహ్నం మూడింటికల్లా ఆపేస్తారు, ఆ తర్వాత దేవతలు పూజించుకుంటారని నమ్మకం. కాబట్టి సాయంత్రం వెళ్దామనే ఆలోచన పనికిరాదు. ఘాట్ రోడ్డుంది, అమ్మగారు కారులోనే ఎక్కొచ్చు. శంఖంతో స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తారు, గుటకవేసిన చప్పుడు వినిపిస్తుంది, కొంత ప్రసాదంగా మిగులుతుంది. అంత పానకం పోసినా ఒక్క చీమ కనపడదని అందరూ చెప్తారు, మీ పిల్లలు తప్పకుండా వెతుకుతారు, వెతకనివ్వండి. దిగువ గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. దానికెదురుగా నిలబడి తల వెనక్కి వాల్చినా శిఖరం అందదు. గుడి వీధుల్లోనే చేనేత దుకాణాలు. మంగళగిరి నూలు చీర అంటే నిజాం అంచు చూసుకోండి, చిన్న చిన్న గోపురాల్లా జరీ ఉంటుంది. బంధువులకి పెట్టుబడి చీరలు ఇంకా కొనాల్సి ఉంటే ఊళ్లో షోరూములకి పోకుండా ఇక్కడే కొనండి.

అమరావతి కూడా వేసుకుంటామన్నారు. ఆదివారం ఉండవల్లి, మంగళగిరి, అమరావతి మూడూ కావాలంటే పరుగే. ఒకటి వదలాలి. నేనైతే అమరావతిని ఇంకోసారికి ఉంచుతాను. మహాచైత్యం, అంటే పాత బౌద్ధ స్తూపం దగ్గర ఇప్పుడు మిగిలింది తక్కువ ఎత్తు దిబ్బ, చుట్టూ కొన్ని పలకలు. మంచి శిల్పాలు లండన్‌కీ చెన్నైకీ పోయాయి. అది తెలిసి, పక్కనున్న మ్యూజియంలో గంటసేపు గడపడానికి సిద్ధపడి వెళ్లేవాళ్లకి గొప్ప చోటు, పిల్లలతో హడావుడిగా వెళ్లేవాళ్లకి నిరాశే. అమరేశ్వరస్వామి దర్శనం ముఖ్యమనుకుంటే మంగళగిరి వదిలి అటు పొండి. లింగం ఎంత పొడవంటే అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు.

కొండపల్లికి ప్రత్యేకంగా పోకండి. మీది హైదరాబాద్ రోడ్డే కదా, ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకి తిరిగితే దగ్గరే. తిరుగు ప్రయాణంలో ఒక గంట ఆగండి. కోట బాగుంటుంది, రెడ్డి రాజుల నాటిది, గజపతుల నుంచి శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నది, కానీ దానికి పూట పడుతుంది. గంటే ఉంటే నేరుగా బొమ్మల కాలనీకి పొండి. అక్కడ ఇళ్ల అరుగుల మీదే పని జరుగుతుంటుంది. తెల్లపొణికి కర్ర చేతిలోకి తీసుకుని చూడండి, బరువే ఉండదు. కాళ్లు, చేతులు, తొండం వేర్వేరుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు దుకాణాల్లో ఎక్కడైనా దొరుకుతుంది. ఇక్కడ మాత్రం తాటిచెట్టెక్కే మనిషి, ఎద్దుబండి, ఊరి పనులు చేసే మనుషుల బొమ్మలు చూడండి. అతుకు దగ్గర గోటితో గీసి చూసి కొనండి, మక్కు సరిగ్గా ఆరకపోతే రంగు లేస్తుంది. చేసినవాళ్ల దగ్గర మరీ బేరమాడకండి.

పెద్దవాళ్లకి ఓ గంట మిగిలితే, ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు. ఇది నా సొంత పిచ్చి, జాబితాల్లో ఉండదు. తెలుగు ప్రచురణలకి ఈ ఊరు చాలాకాలం రాజధాని. అచ్చులో లేని పుస్తకాలు ఆ కొట్లలో ఇప్పటికీ బయటపడుతుంటాయి. కొట్టువాడికి పేరు చెప్తే రెండు నిమిషాల్లో అడుగు నుంచి లాగుతాడు.

చివరగా తేదీ చూసుకోండి. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత తిరునాళ్లు. కొండ మీద మాత దగ్గర అన్ని మతాలవాళ్లూ కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. చూడదగ్గదే, కానీ ఆ మూడు రోజులూ ఏలూరు రోడ్డు, గుణదల వైపు ట్రాఫిక్ కదలదు. మీ శని ఆదివారాలు అందులో పడితే గది బందరు రోడ్డు వైపు తీసుకోండి. పెళ్లి మండపం పటమట వైపా, భవానీపురం వైపా రాస్తే ఆదివారం ఏ దారిన ఏరు దాటాలో చెప్తాను. హైవే మీది కనకదుర్గ వారధి వంతెన మీదుగా పోవాలా, బ్యారేజీ మీదుగా పోవాలా అన్నదాన్ని బట్టి అరగంట తేడా వస్తుంది.